కుక్క తన తోకను తానే ఎందుకు కొరుక్కుంటుంది?

ఎండ కాస్త తగ్గిన వేళ మీ వీధిలో ఒక పది నిమిషాలు నిలబడి చూడండి. అరుగు కింద పడుకున్న కుక్క ఉన్నట్టుండి లేస్తుంది. వెనక్కి తిరిగి, తోక మొదట్లో ఏదో పోగొట్టుకున్న వస్తువును వెతుకుతున్నట్టు ముందుపళ్ళతో టకటకా కొరుక్కుంటుంది. రెండు చుట్లు తిరుగుతుంది. మళ్ళీ కూలబడి, ఈసారి ముందుకాలు నోట్లో పెట్టుకుని వేళ్ళ సందులు నాకడం మొదలుపెడుతుంది. చూసినవాళ్ళం నవ్వుకుంటాం. తన తోకను తానే పట్టుకోబోయే కుక్కను చూస్తే ఎవరికి నవ్వు రాదు?

కాని అదే కుక్క వారం తర్వాత, నెల తర్వాత కూడా అలాగే కొరుక్కుంటూ ఉంటే? తోక మీద బొచ్చు ఊడి, పుండు పడి, దాని చుట్టూ ఈగలు ముసురుతూ ఉంటే? అప్పుడు వీధిలో మాట మారిపోతుంది. కొన్నేళ్ళ క్రితం మా వీధిలో సరిగ్గా ఇలాగే జరిగింది. ఒక గోధుమరంగు కుక్క చెవుల అంచులు, మోచేతులు బోడిగా అయిపోయి, రోజంతా తోకను, కాళ్ళను కొరుక్కుంటూ తిరిగేది. "దీనికి పిచ్చెక్కింది, తన్ను తానే కరుచుకుంటోంది" అన్నారెవరో. సాయంత్రానికి నలుగురు కుర్రాళ్ళు కర్రలు పట్టుకుని బయల్దేరారు. ఆ రోజు దాని ప్రాణం దక్కిందంటే పక్కవీధిలో ఉండే రిటైర్డ్ పశువైద్యశాల కాంపౌండరు వల్లనే. ఆయన దూరం నుంచే కాసేపు చూసి, "ఇది పిచ్చి కాదురా అబ్బాయిలూ, గజ్జి" అన్నాడు.

ఆయనకు ఆ తేడా ఎలా తెలిసిందో చివర్లో చెప్పుకుందాం. అంతకంటే ముందు తెలుసుకోవలసింది ఒకటుంది. తోక కొరుక్కోవడం అనేది ఒక జబ్బు పేరు కాదు. మనకు జ్వరం ఎలాగో కుక్కకు ఇది అలాంటిది. జ్వరం మలేరియా వల్ల రావచ్చు, టైఫాయిడ్ వల్ల రావచ్చు. అలాగే ఈ కొరుకుడు వెనుక కూడా పది రకాల కారణాలుండవచ్చు. కారణం పట్టుకోకుండా "ఛీ, ఆపు" అని గదమాయిస్తే, జ్వరం వచ్చినవాణ్ణి వేడెక్కినందుకు తిట్టినట్టే అవుతుంది.

గోళ్ళు అందని చోట పళ్ళు

వేడి గిన్నె తగిలితే మన చెయ్యి వెనక్కి వస్తుంది. దోమ కుట్టిన చోటికి మాత్రం చెయ్యి దానంతట అదే వెళుతుంది. నొప్పికి, దురదకు ఉన్న తేడా ఇదే. నొప్పి మనల్ని దూరంగా జరుపుతుంది, దురద దగ్గరికి పిలుస్తుంది. గోక్కోవాలన్న కోరికను పుట్టించే అసౌకర్యమే దురద అని జర్మన్ వైద్యుడు సామ్యూల్ హాఫెన్‌రెఫర్ 1660లోనే చెప్పాడు. మూడున్నర శతాబ్దాలు దాటినా ఆ నిర్వచనాన్ని శాస్త్రజ్ఞులు పెద్దగా మార్చలేదు.

ఇప్పుడు కుక్క శరీరాన్ని ఊహించుకోండి. మెడ, చెవులు, పక్కటెముకల వరకు దాని వెనకకాలు చేరుతుంది. అందుకే అక్కడ దురద పుడితే కాలితో గీరుకుంటుంది. కాని తోక మొదలు, తొడల వెనుక భాగం, పాదాలు కాలి గోళ్ళకు అందవు. అక్కడికి చేరేవి నాలుక, పళ్ళు మాత్రమే. అంటే తోక కొరుక్కుంటున్న కుక్క నిజానికి గోక్కుంటోందన్నమాట. మనకు కోపం తెప్పించే ఆ పని దానికి దువ్వెన, గోళ్ళు, మందు అన్నీ కలిసిన పని.

దురద ఎలా పుడుతుంది? చర్మంలో మాస్ట్ కణాలనేవి కాపలాదారుల్లా ఉంటాయి. పరాయి పదార్థం ఏదైనా తగిలితే అవి హిస్టమిన్ వంటి రసాయనాలను వదులుతాయి. ఆ రసాయనాలు చర్మంలోని సన్నని నాడుల కొనలను ప్రేరేపిస్తాయి. సందేశం వెన్నుపాముకు, అక్కడినుంచి మెదడుకు చేరుతుంది. నొప్పి కాస్త తక్కువగా ఉంటే అదే దురద అని చాలాకాలం అనుకునేవారు. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జౌ-ఫెంగ్ చెన్ బృందం 2007లో ఎలుకల వెన్నుపాములో దురద సందేశానికి అవసరమైన ఒక గ్రాహకాన్ని గుర్తించింది. ఆ గ్రాహకం లేని ఎలుకలకు నొప్పి మామూలుగానే తెలుస్తుంది, దురద మాత్రం బాగా తగ్గిపోతుంది. దురదకు తనదంటూ ఒక దారి ఉందని అలా తేలింది.

అదే బృందం 2014లో బయటపెట్టిన సంగతి మన కుక్కకు ఇంకా దగ్గరిది. గోక్కుంటే కాస్త హాయిగా ఉంటుంది కదా! గోకడం వల్ల చర్మానికి కలిగే చిన్న నొప్పి, దురదను కాసేపు కప్పేస్తుంది. ఆ నొప్పిని అదుపు చెయ్యడానికి మెదడు సెరటోనిన్‌ను విడుదల చేస్తుంది. ఆ సెరటోనిన్ వెన్నుపాముకు దిగి, అక్కడి దురద నాడులను మళ్ళీ రెచ్చగొడుతుంది. గోకితే దురద, దురదతో గోకుడు. గజ్జి వచ్చినవాళ్ళకు ఈ సంగతి ఏ ప్రయోగశాలా చెప్పనక్కర్లేదు.

కుక్క విషయంలో దీనికి తడి కూడా తోడవుతుంది. గంటల తరబడి నాకిన చర్మం నానిపోతుంది. మామూలుగా చర్మం పైన ఏ హానీ చెయ్యకుండా బతికే స్టెఫైలోకాకస్ జాతి బాక్టీరియా ఆ నానిన చర్మంలోకి చొరబడుతుంది. చీము పడుతుంది, దురద రెట్టింపవుతుంది. పొద్దున రూపాయి బిళ్ళంత ఉన్న మచ్చ, బొచ్చు దట్టంగా ఉన్న జాతుల్లో సాయంత్రానికి అరచెయ్యంత పచ్చిపుండు కావచ్చు. మొదటి కారణం ఎప్పుడో పోయినా ఈ పుండు తన దురదను తానే పుట్టించుకుంటూ ఉంటుంది. ఆలస్యం చెయ్యవద్దని పశువైద్యులు చెప్పేది ఇందుకే.

తోక మొదట్లో ఉన్న దొంగ

ఎక్కడ కొరుక్కుంటోందన్నది మంచి ఆధారం. తోక మొదలు, నడుము వెనుక భాగం, తొడల లోపలివైపు అయితే మొదట అనుమానించవలసింది ఫ్లీ అనే పురుగును. గోమారి వేరు, ఇది వేరు. గోమారి, అంటే కొన్ని చోట్ల పిడుదు అనేది, ఒకచోట అంటుకుని రక్తం తాగి బఠాణీ గింజలా ఉబ్బుతుంది. ఫ్లీ నువ్వుగింజ కన్నా చిన్నది. రెక్కలుండవు, శరీరం పక్కల నుంచి నొక్కినట్టు పలచగా ఉంటుంది. బొచ్చులో పరుగెత్తి, దొరక్కుండా గెంతుతుంది.

చాలా కుక్కలకు అసలు ఇబ్బంది ఫ్లీ కాటు వల్ల కాదు, దాని లాలాజలం వల్ల. కుట్టేటప్పుడు అది చర్మంలోకి వదిలే లాలాజలంలోని ప్రోటీన్లు కొన్ని కుక్కలకు పడవు. అలాంటి కుక్కకు వందల పురుగులు అవసరం లేదు, ఒకటి రెండు కాట్లతోనే రోజుల తరబడి దురద పుడుతుంది. "మా కుక్కకు పురుగులే లేవండీ, వెతికి చూశాం" అని యజమాని నిజాయితీగానే అంటాడు. కుక్క వాటిని కొరికి మింగేసి ఉంటుంది.

ఆ మింగడంలోనే ఒక విచిత్రమైన కథ ఉంది. డిపైలిడియం అనే బద్దెపురుగు కుక్క పేగుల్లో బతుకుతుంది. దాని ముక్కలు, దోసగింజల్లాంటివి, మలంతో పాటు బయటికి వస్తాయి. అవి కుక్క పడుకునే చోట రాలి, వాటిలోంచి గుడ్లు బయటపడతాయి. ఆ దుమ్ములోనే పెరిగే ఫ్లీ లార్వాలు ఆ గుడ్లను తింటాయి. లార్వా పెరిగి ఫ్లీ అయ్యేసరికి దాని కడుపులో బద్దెపురుగు పిల్ల సిద్ధంగా ఉంటుంది. ఆ ఫ్లీ కుక్కను కుడుతుంది, కుక్కకు దురద పుడుతుంది, కుక్క కొరుక్కుంటుంది, ఫ్లీని మింగుతుంది. బద్దెపురుగు మళ్ళీ పేగులోకి చేరుకుంటుంది. కుక్క దురదనే తన బండిగా చేసుకుందన్నమాట! పైగా మలద్వారం దగ్గర ఆ ముక్కలు కదిలితే అక్కడా దురదే, తోక కింద కొరుకుడే. చిన్నపిల్లలు పొరపాటున ఫ్లీని మింగితే వాళ్ళకూ ఈ పురుగు రావచ్చు. అరుదే అనుకోండి, కాని కుక్కతో పొర్లాడే తమ్ముడో చెల్లెలో ఉంటే తెలిసి ఉండడం మంచిది.

ఫ్లీ ఉందో లేదో తెలుసుకునే ప్రయోగం మీరే చెయ్యవచ్చు. మీ సొంత కుక్క మీద, అది ప్రశాంతంగా ఉన్నప్పుడు మాత్రమే సుమా. దాని నడుము కింద ఒక తెల్లకాగితం పరిచి, బొచ్చును సన్నపళ్ళ దువ్వెనతో దువ్వండి. మిరియాల పొడిలాంటి నల్లని రేణువులు రాలితే వాటిని తడి దూదితో అద్దండి. మామూలు మట్టి అయితే మట్టిరంగే మిగులుతుంది. దూది మీద ఎర్రటి గోధుమరంగు మరక పరుచుకుంటే అది ఫ్లీ విసర్జన, అంటే సగం జీర్ణమైన మీ కుక్క రక్తం. పురుగు కంటికి కనిపించకపోయినా అది ఉన్నట్టే లెక్క.

ఒక ఆడ ఫ్లీ రోజుకు నలభై దాకా గుడ్లు పెట్టగలదు. ఆ గుడ్లు కుక్కకు అంటుకుని ఉండవు, జారి గోనెసంచి మీద, మంచం కింద, గచ్చు పగుళ్ళలో పడతాయి. ప్యూపా దశలో ఉన్నవి గూడులో దాక్కుని వారాలు, ఒక్కోసారి నెలలు కూడా ఎదురుచూడగలవు. అడుగుల చప్పుడు, శరీరపు వేడి, ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ తగలగానే బయటికి వస్తాయి. సెలవులకు ఊరెళ్ళి తిరిగొచ్చి తలుపు తియ్యగానే కాళ్ళ మీద పురుగులు గెంతడం వెనుక రహస్యం ఇదే. కాబట్టి కుక్కకు మందు వేసి ఇల్లు వదిలేస్తే సగం పని కూడా కానట్టే. పడక గుడ్డలు వేడినీళ్ళలో ఉతకాలి, మూలలు ఊడ్వాలి, ఇంట్లో పిల్లి ఉంటే దానికీ పిల్లులకు పనికొచ్చే మందు వెయ్యాలి. కుక్కల మందు పిల్లికి వెయ్యకూడదు. పర్మెత్రిన్ ఉన్నవి పిల్లి ప్రాణం తీస్తాయి. మందు వేసిన తర్వాత కూడా రెండు మూడు వారాలపాటు కొత్త పురుగులు కనిపిస్తాయి. అవి ముందే ప్యూపాలో ఉన్నవి. మందు పనిచెయ్యలేదని ఆపెయ్యకండి.

కాళ్ళు నాకే కుక్క

తోక జోలికి పోకుండా నాలుగు పాదాలనూ నాకుతూ, మధ్యమధ్య మొహాన్ని చాపకు రుద్దుకుంటూ, చెవులు విదిలిస్తూ ఉంటే ఎలర్జీని అనుమానించాలి. మనకు దుమ్ము, పుప్పొడి పడకపోతే తుమ్ములు, ఉబ్బసం వస్తాయి. కుక్కకు అవే పడకపోతే ఎక్కువగా చర్మం దురద పెడుతుంది. ఇంటి దుమ్ములో ఉండే మైట్లు, గడ్డి పుప్పొడి, బూజు కణాలు దాని చర్మం ద్వారానే లోపలికి వెళ్ళి గలాటా సృష్టిస్తాయి. సాధారణంగా ఆరు నెలల నుంచి మూడేళ్ళ వయసులో ఇది బయటపడుతుంది. ఏటా ఒకే కాలంలో వస్తే పుప్పొడి కావచ్చు. ఏడాది పొడుగునా ఉంటే దుమ్ము మైట్లో, తిండిలోని ఏదో ప్రోటీనో కావచ్చు.

మనకు పనిచేసే సెట్రిజిన్ వంటి మాత్రలు ఇలాంటి కుక్కలకు చాలాసార్లు అంతంత మాత్రంగానే పనిచేస్తాయి. ఎందుకు? వాటి దురదలో హిస్టమిన్ కన్నా పెద్ద పాత్ర మరొకదానిది. ఇంటర్‌ల్యూకిన్-31 అనే ఆ ప్రోటీన్‌ను 2004లో గుర్తించారు. రోగనిరోధక కణాలు వదిలే ఈ పదార్థం నేరుగా దురద నాడులకు తగులుతుంది. ఈ సంగతి తెలిశాక మందులు కూడా మారాయి. ఆ సంకేతాన్ని కణం లోపల ఆపే ఓక్లాసిటినిబ్ మాత్రకు అమెరికాలో 2013లో అనుమతి దొరికింది. ఆ ప్రోటీన్‌నే పట్టుకుని పనికిరాకుండా చేసే ఇంజెక్షన్ ఆ తర్వాత వచ్చింది. ఇవి ఖరీదైనవి, డాక్టరు చీటీ మీదే వాడవలసినవి. అంతకుముందు ఎక్కువగా ఆధారపడింది స్టెరాయిడ్ల మీదే. అవి దురదను వెంటనే ఆపుతాయి, కాని ఎక్కువకాలం వాడితే దాహం, ఆకలి పెరగడం నుంచి అంటువ్యాధులు తేలిగ్గా సోకడం వరకు బోలెడు చిక్కులు తెస్తాయి.

తిండి అనుమానం ఉంటే దాన్ని రక్తపరీక్షతో తేల్చడం నమ్మదగిన పద్ధతి కాదు. కుక్క ఇంతవరకు తినని మాంసకృత్తు ఒక్కటే ఉన్న ఆహారాన్ని దాదాపు ఎనిమిది వారాలు పెట్టి చూడాలి. ఆ ఎనిమిది వారాల్లో ఇంకేదీ పెట్టకూడదు. మన ఇళ్ళల్లో కష్టం అక్కడే వస్తుంది. తాతగారు చాటుగా విసిరే బిస్కట్టు ముక్కతో ప్రయోగం మొదటికొస్తుంది.

తెల్ల కుక్క ఉన్నవాళ్ళకు ఒక సులువైన ఆధారం దొరుకుతుంది. కుక్క లాలాజలంలో పోర్ఫిరిన్లు అనే రంగు పదార్థాలుంటాయి. పదేపదే నాకిన చోట బొచ్చు తుప్పు రంగుకు తిరుగుతుంది. పగలంతా బుద్ధిగా ఉన్నట్టు కనిపించే కుక్క పాదాలు తుప్పు రంగులో ఉన్నాయంటే, రాత్రి మీరు పడుకున్నాక అది నాకుతోందని అర్థం.

వానాకాలంలో ఇంకో తంటా. కుక్కకు అరికాలి మెత్తల్లోనే చెమట గ్రంథులు బాగా పనిచేస్తాయి. చెమట, వాననీరు, లాలాజలం కలిసి వేళ్ళ సందులు ఎప్పుడూ తడిగా ఉంటే మలసీజియా అనే ఈస్ట్ పెరుగుతుంది. పాదాలకు పులిసిన వాసన, జిడ్డు, గోళ్ళ మొదట్లో గోధుమరంగు మడ్డి కనిపిస్తాయి.

ఒక్క పాదాన్నే, అదీ ఉన్నట్టుండి నాకడం మొదలుపెడితే మాత్రం ఈ శాస్త్రమంతా పక్కనపెట్టి ముందు వేళ్ళ సందులు చూడండి. పల్లేరు ముల్లు, గాజుపెంకు, విరిగిన గోరు, గోమారి ఏదో ఒకటి దొరుకుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం తారురోడ్డు మీద నడిపిస్తే మెత్తలు కాలి బొబ్బలెక్కుతాయి. మీ అరచేతి వెనుకభాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్కను నడిపించకండి.

తోక కింద మలద్వారానికి ఇరుపక్కలా రెండు చిన్న గ్రంథులుంటాయి. అవి నిండి గట్టిపడితే కుక్క పిర్రలను నేల మీద ఈడుస్తుంది, తోక మొదలు కొరుక్కుంటుంది. వాటిని పశువైద్యుడు నిమిషంలో ఖాళీ చేస్తాడు, మీరు నొక్కబోకండి. ముసలి కుక్కల్లో నడుము దగ్గర వెన్నెముక అరిగి నాడులు నలిగినా తోకలో చిమచిమ పుట్టి కొరుక్కోవచ్చు. అందం కోసం తోక కత్తిరించిన కుక్కల్లో కొన్నింటికి తెగిన నాడి కొన ముడిలా పెరిగి ఏళ్ళ తరబడి బాధపెడుతుంది.

దురద లేకుండా కొరికితే

అన్నీ వెతికి ఏమీ దొరకనప్పుడు మనసు వైపు చూడాలి. మేడ మీద గొలుసుతో రోజంతా ఒంటరిగా కట్టేసిన కుక్క ఏం చేస్తుంది? మొరుగుతుంది, తిరుగుతుంది, చివరికి తన కాలినే నాకుతుంది. నాకడం దానికి ఊరట. ఊరట అలవాటవుతుంది, అలవాటు కొన్నాళ్ళకు ఆపలేని పనిగా మారుతుంది. ముందుకాలు మణికట్టు దగ్గర ఒకేచోట నాకి నాకి దళసరి పుండు చేసుకునే పెద్దజాతి కుక్కలు పశువైద్యులకు కొత్త కాదు.

చేతులు పదేపదే కడుక్కోకుండా ఉండలేని మనుషులకు వైద్యం చేస్తున్న అమెరికన్ మానసిక వైద్యురాలు జుడిత్ రాపొపోర్ట్, వాళ్ళకిచ్చే క్లోమిప్రమిన్ మందును ఇలాంటి కుక్కలకు ఇచ్చి చూసింది. నాకడం తగ్గింది. ఆ ఫలితాలు 1992లో వెలువడ్డాయి. డాబర్‌మన్ జాతి కుక్కల్లో తమ పక్కల చర్మాన్ని చప్పరించే అలవాటుకు, సీడీహెచ్2 అనే జన్యువున్న క్రోమోజోమ్ భాగానికి సంబంధం ఉందని నికొలస్ డాడ్‌మన్ బృందం 2010లో చూపింది. అంటే దాన్ని "చెడు అలవాటు" అని కొట్టి మాన్పించలేం.

తోక వెంట తిరిగే కుక్కల గురించి ఫిన్లాండ్‌లో హెల్సింకి విశ్వవిద్యాలయం వారు 368 కుక్కల యజమానులను ప్రశ్నించి 2012లో ఒక పరిశీలన ప్రచురించారు. ఈ అలవాటు ఎక్కువగా మూడు నుంచి ఆరు నెలల వయసులో మొదలవుతుందట. తల్లి నుంచి తొందరగా విడదీసిన పిల్లల్లో, పిరికి కుక్కల్లో ఇది ఎక్కువ. విటమిన్లు, ఖనిజాలు అదనంగా అందుతున్న కుక్కల్లో తక్కువ. అయితే విటమిన్ మాత్రలు వేస్తే తోక వదిలేస్తుందని దీన్నుంచి తేల్చకూడదు. విటమిన్లు కొనిపెట్టే యజమాని కుక్కను ఇతరత్రా కూడా బాగా చూసుకుంటూ ఉండవచ్చు కదా! రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణం కాదు. పరీక్షల్లో ఈ ప్రశ్న రాకపోయినా, పత్రికల్లో ఆరోగ్య వార్తలు చదివేటప్పుడు రోజూ పనికొస్తుంది.

మరి మనమేం చెయ్యాలి?

పశువైద్యుడి దగ్గరికి వెళ్ళేలోపు ఒక వారం నోట్‌బుక్కులో రాయండి. ఎక్కడ కొరుకుతోంది, ఎప్పుడు, తిన్న తర్వాతనా, బయట తిరిగొచ్చాకనా, మీరు ఇంట్లో లేనప్పుడా, ఇంట్లో ఇంకెవరికైనా దురదలున్నాయా. ఆ ఒక్క పేజీ డాక్టరుకు ఎంతో పని తప్పిస్తుంది. పచ్చిపుండో, రక్తమో, వాపో ఉంటే మాత్రం వారం ఆగవద్దు. ఆయన చర్మాన్ని కాస్త గీకి సూక్ష్మదర్శిని కింద చూస్తాడు, బొచ్చు దువ్వి చూస్తాడు, అంటుకునే టేపుతో కణాలు తీస్తాడు. జిల్లా కేంద్రాల్లోని ప్రభుత్వ పశువైద్యశాలల్లోనూ ఇలాంటి పరీక్షలు అడగవచ్చు.

ఇంట్లో చెయ్యదగినవి కొన్ని ఉన్నాయి. బయటినుంచి రాగానే పాదాలను మంచినీళ్ళతో కడిగి, వేళ్ళ సందులు పొడిగుడ్డతో బాగా అద్దండి. కడగడం కన్నా ఆరబెట్టడం ముఖ్యం. పుండు మానేదాకా మెడ చుట్టూ గరాటులాంటి కాలర్ వేస్తారు. అది చూడ్డానికి వింతగానే ఉంటుంది, కాని పళ్ళకూ పుండుకూ మధ్య అడ్డుగోడ అదే. దాంతో కుక్క తినగలుగుతోందా, నీళ్ళు తాగగలుగుతోందా చూసుకోవాలి. కారణానికి వైద్యం చెయ్యకుండా కాలర్ ఒక్కటే వేస్తే దురద అలాగే ఉంటుంది, పాపం అది గోక్కోలేదు, అంతే తేడా. మనసుకు సంబంధించినదైతే నడక, ఆట, వెతుక్కుని తినేలా దాచిపెట్టిన తిండి సాయపడతాయి. కొరుకుతున్నప్పుడు అరవకండి, పిలిచి వేరే పని చెప్పండి.

చెయ్యకూడనివి ఇంకా గట్టిగా చెప్పాలి. గజ్జి కుక్కకు కిరసనాయిలు, లారీల్లోంచి తీసిన మాడిన ఇంజను ఆయిలు పూయడం మన ఊళ్ళల్లో ఇప్పటికీ ఉంది. కుక్క దాన్ని నాకుతుంది. చర్మం కాలుతుంది, లోపల కాలేయమూ దెబ్బతింటుంది. పొలంలో కొట్టే పురుగుమందును గోమార్ల కోసం చల్లడం దానికి విషం పెట్టడమే. మన పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలు కుక్కకు ప్రమాదం. వేపాకు నీళ్ళు పైపైన కొంత హాయినివ్వవచ్చు కాని, చర్మంలో సొరంగం తవ్వుకుని కూర్చున్న గజ్జి మైట్‌ను అవి పట్టుకోలేవు.

ఆ మైట్‌కు మంచి మందులున్నాయి. జపాన్ మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి పుట్టిన ఐవర్‌మెక్టిన్ వాటిలో పాతది. దాని వెనుక ఉన్న సతోషి ఒమురా, విలియం క్యాంప్‌బెల్‌లకు 2015లో నోబెల్ బహుమతి దక్కింది. అయితే కోలీ వంటి జాతుల్లో చాలా కుక్కలకు మెదడులోకి మందు చొరబడకుండా కాపాడే జన్యువు లోపించి ఉంటుంది. ఈ సంగతి 2001లో తెలిసింది. వాటికి ఎక్కువ మోతాదులో ఇది ప్రాణాంతకం. పక్కింటి కుక్కకు ఇచ్చిన మందు మన కుక్కకు ఇవ్వకూడదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

గజ్జి, పిచ్చి

మళ్ళీ మా వీధికి వద్దాం. ఆ కుర్రాళ్ళ భయం పూర్తిగా అర్థం లేనిది కాదు. రేబిస్ వైరస్ కాటు వేసిన చోటినుంచి నాడుల వెంట మెదడుకు వెళుతుంది. జబ్బు బయటపడే వేళకు ఆ పాత కాటు దగ్గర చిమచిమలాడి, కుక్క ఆ చోటును కొరుక్కోవడం ఉంది. కాని రేబిస్ నెలల తరబడి సాగదు. లక్షణాలు మొదలయ్యాక రోజురోజుకూ మారిపోతూ, దాదాపు పది రోజుల్లోపు కుక్క చనిపోతుంది. గొంతు మారుతుంది, దవడ వేలాడుతుంది, చొంగ కారుతుంది, మింగలేదు, నడక తూలుతుంది, కారణం లేకుండా కర్రనూ రాయినీ కరుస్తుంది. లేదా మూలకు నక్కి మూగగా పడి ఉంటుంది.

కాంపౌండరు చూసిందేమిటంటే, ఆ కుక్కకు బొచ్చు ఊడడం రెండు నెలలుగా సాగుతోంది. బోడి అయినవి చెవుల అంచులు, మోచేతులు, అవి గజ్జి మైట్ ఇష్టపడే చోట్లు. అది కొళాయి దగ్గర నీళ్ళు తాగింది. టీకొట్టు ముసలాయన పిలిస్తే తోక ఊపింది. అంతకు పది రోజుల ముందు దానితో ఆడుకున్న ఇద్దరు పిల్లల చేతుల మీద చిన్న దద్దుర్లున్నాయి. కుక్క గజ్జి మైట్ మన చర్మంలో కాపురం పెట్టలేదు కాని కొన్నాళ్ళు దురద పుట్టించగలదు.

ఇది చదివి మీరు కూడా దూరం నుంచి చూసి తేల్చెయ్యాలని కాదు. అనుమానం ఉంటే దగ్గరికి వెళ్ళకుండా, కొట్టకుండా మునిసిపాలిటీకో పశువైద్యశాలకో చెప్పండి. ఏ కుక్క కరిచినా, గీరినా, అది ఆరోగ్యంగా కనిపించినా సరే, గాయాన్ని వెంటనే సబ్బుతో, పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక ఇక వైద్యం లేనట్టే.

మా వీధి కుక్కకు డాక్టరు బరువు అంచనా వేసి రాసిచ్చిన మాత్రలను కాంపౌండరు పెరుగన్నంలో కలిపి, కొద్ది రోజుల ఎడంతో కొన్నిసార్లు పెట్టాడు. మూడో వారానికి కొరుక్కోవడం తగ్గింది. రెండో నెలకు చెవుల మీద నూగు మొలిచింది. తోక చివర అంగుళం మేర మాత్రం బొచ్చు మళ్ళీ రాలేదు. అక్కడ పుండు లోతుగా పడి, వెంట్రుకల మూలాలే పోయాయి. అందుకని వీధిలో దానికి "మొండితోక" అని పేరు పడింది. అన్నం గిన్నె తీసుకెళ్ళే పని ఆ కర్రలు పట్టుకున్న కుర్రాళ్ళలో ఒకడికి దక్కింది.